దూరాన్ని దగ్గర చేసే అద్దం
కొత్తగా కెమెరా పట్టినవారు తమ స్తోమతకు తగిన జూమ్ లెన్సును ఎంచుకోవడం ఎలా?

గత శీతాకాలంలో ఒకనాటి సాయంత్రం బోధన్ శక్కర్‌నగర్ నుంచి మా బంధువుల అబ్బాయి నిజామాబాద్‌లోని మా ఇంటికి వచ్చాడు. డిగ్రీ చదువుతున్నాడు. సెలవు దినాలలో ఒక పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫరుకు సహాయకుడిగా వెళ్ళి, కూడబెట్టిన డబ్బుతో ప్రారంభస్థాయి క్యానన్ కెమెరా ఒకటి కొనుక్కున్నాడు. దానితోపాటు వచ్చిన 18-55 మి.మీ. లెన్సుతో చెరువు గట్టు మీది లకుముకి పిట్టను తీస్తే, అది ఆవగింజంత కనిపిస్తున్నదని అతని బాధ.

"మామూ, 600 వరకు జూమ్ అయ్యే లెన్సు ఒకటి చూశాను. వాయిదాల మీద ఇస్తామంటున్నారు. మొదటి వాయిదాకు అమ్మీ తన గాజులు ఇస్తానన్నది" అన్నాడు.

ఆ చివరి మాట మమ్మల్ని కలవరపరచింది. ఒకప్పుడు ఆసియాలోని పెద్ద చక్కెర కర్మాగారాలలో ఒకటిగా పేరుపొందిన నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడిన నాటినుంచి ఆ పేటలో రూపాయి విలువ అందరికీ తెలుసు. అతని తల్లి కుట్టుమిషను మీద కుటుంబాన్ని నెట్టుకొస్తున్న ఇల్లాలు. అభిరుచి మంచిదే. కానీ దానికోసం తల్లి గాజులు తీయవలసిన అవసరం ఉన్నదా? ఆ రాత్రి భోజనాలయ్యాక కాగితం, కలం తీసుకొని కూర్చున్నాము. ఆనాడు మేము అతనికి చెప్పిన విషయాలు మరెన్నో ఇళ్ళలోని పిల్లలకు ఉపయోగపడతాయన్న ఆశతో ఇక్కడ పొందుపరుస్తున్నాము.

మొదట అవసరాన్ని కొలవాలి

లెన్సు మీది మి.మీ. అంకె ఎంత పెద్దదైతే దూరపు వస్తువు అంత పెద్దదిగా కనిపిస్తుంది. అయితే ఎంత పెద్దదిగా అన్నది ఊహతో తేలేది కాదు, లెక్కతో తేలేది. ప్రారంభస్థాయి క్యానన్ కెమెరాలోని సెన్సారు వెడల్పు సుమారు 22.3 మి.మీ. దూరాన్ని ఈ అంకెతో గుణించి, లెన్సు అంకెతో భాగిస్తే చిత్రంలో పట్టే వెడల్పు వస్తుంది. 250 మి.మీ. లెన్సుతో 10 మీటర్ల దూరాన్ని చూస్తే, చిత్రంలో పట్టేది సుమారు 90 సెంటీమీటర్ల వెడల్పు. మన లకుముకి పిట్ట పొడవు సుమారు 28 సెంటీమీటర్లు. అంటే చిత్రంలో దాదాపు మూడో వంతు ఆక్రమిస్తుంది. ఆ మాత్రం చాలు.

ఇదే లెన్సుతో 50 మీటర్ల దూరాన నాలుగున్నర మీటర్ల వెడల్పు పడుతుంది. నందిపేట వైపు శ్రీరాంసాగర్ వెనుక జలాల ఒడ్డున తిరిగే కృష్ణజింకను ఆ దూరం నుంచి తీస్తే, అది తన పరిసరాలతో సహా చక్కగా కుదురుతుంది. 200 మీటర్ల దూరానైతే దాదాపు 18 మీటర్ల వెడల్పు పడుతుంది. అప్పుడు జింక చిన్న బొమ్మగానే మిగులుతుంది.

ఈ లెక్క మరొక సత్యాన్ని కూడా తెలుపుతుంది. ఒకే కెమెరాపై 250కీ 300కీ మధ్య తేడా 20 శాతమే. 50 మీటర్ల దూరంలో ఉన్నవారు నిశ్శబ్దంగా పది మీటర్లు ముందుకు జరిగితే అంతకంటె ఎక్కువ లాభం, 25 శాతం, దక్కుతుంది. ఓర్పుకు ధర లేదు. అయితే ప్రాణి బెదిరిందనిపిస్తే ఒక్క అడుగు కూడా వేయరాదు. కృష్ణజింక 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న ప్రాణి. దానిని తరిమి తీసిన చిత్రం చిత్రమే కాదు.

వెలుతురు, వణుకు

రెండవ ప్రశ్న వెలుతురుకు సంబంధించినది. చవక జూమ్ లెన్సులు పూర్తిగా చాచినప్పుడు వాటి ద్వారం ఎఫ్/5.6 లేదా ఎఫ్/6.3 దగ్గర ఆగిపోతుంది. వృత్తిదారులు వాడే ఎఫ్/2.8 లెన్సు, ఎఫ్/5.6 కంటె నాలుగు రెట్లు వెలుతురును లోనికి రానిస్తుంది. ధర, బరువు కూడా అదేవిధంగా పెరుగుతాయి. కాబట్టి చవక జూమ్ పగటి వెలుగుకు నేస్తం. ఫంక్షన్ హాలులోని పెళ్ళివేదికకు కాదు. అక్కడ ఎఫ్/1.8 ద్వారం గల చిన్న 50 మి.మీ. లెన్సు దాదాపు పది రెట్లు వెలుతురును అందిస్తుంది. పెళ్ళిళ్ళ పనితో సంపాదించాలనుకునే యువకుడు ఈ సంగతిని మరువరాదు.

ఇక వణుకు. జూమ్ పెరిగేకొద్దీ చేతి అదురు కూడా పెద్దదై కనిపిస్తుంది. పాతకాలపు సూత్రం ప్రకారం, 250 మి.మీ.ని ఈ కెమెరాల 1.6 గుణకంతో హెచ్చిస్తే 400 అవుతుంది. కనుక షట్టరు వేగం సెకనులో 400వ వంతుకు తగ్గరాదు. లెన్సులోనే వణుకును సరిదిద్దే ఏర్పాటు ఉంటే, నిలకడగా ఉన్న వస్తువును సుమారు 40వ వంతు వేగంతోనైనా తీయవచ్చు. దీనిని క్యానన్ వారు ఐ.ఎస్. అనీ, నికాన్ వారు వి.ఆర్. అనీ పిలుస్తారు. అయితే ఈ ఏర్పాటు మన చేతి వణుకును ఆపుతుందే గాని, ఎగిరే కొంగ రెక్కను ఆపలేదు. దానికి సెకనులో 1000వ వంతు, అంతకు మించిన వేగం కావలసిందే.

ఏ లెన్సు మేలు?

క్యానన్ ప్రారంభస్థాయి కెమెరాలకు సాధారణంగా రెండు చవక జూమ్‌లు ఎదురవుతాయి. మొదటిది 1999లో వచ్చిన 75-300 మి.మీ. అంకె పెద్దది, ధర తక్కువ. కానీ వణుకును సరిదిద్దే ఏర్పాటు లేదు. ఒకటిన్నర మీటర్ల కంటె దగ్గరి వస్తువుపై ఫోకస్ నిలువదు. బరువు 480 గ్రాములు. రెండవది 2013లో వచ్చిన 55-250 మి.మీ. ఐ.ఎస్. ఎస్.టి.ఎం. దీని బరువు 375 గ్రాములే. 85 సెంటీమీటర్ల దగ్గరి పూవును కూడా తీయగలదు. ఫోకస్ నిశ్శబ్దంగా కుదురుతుంది. 50 మి.మీ. తగ్గినా, కొత్తవారికి ఇదే మేలని మా అభిప్రాయం. కొనేటప్పుడు లెన్సు మీద ఎస్.టి.ఎం. అక్షరాలు ఉన్నాయో లేదో చూడాలి. అవి లేని పాత రూపాలు కూడా అదే 55-250 పేరుతో బజారులో ఉన్నాయి.

నికాన్ కెమెరా ఉన్నవారికి 2016లో వచ్చిన ఎ.ఎఫ్-పి 70-300 మి.మీ. తగినది. ఇందులో రెండు రూపాలున్నాయి. వి.ఆర్. అని రాసి ఉన్నదానినే తీసుకోవాలి. మరొక జాగ్రత్త కూడా అవసరం. డి3100, డి3200 వంటి పాత కెమెరాలపై ఎ.ఎఫ్-పి లెన్సుకు ఫోకస్ పని చేయదు. అట్టివారికి పాత ఎ.ఎఫ్-ఎస్ తరహా 55-200 వి.ఆర్. లేదా 55-300 వి.ఆర్. సరిపోతాయి. నికాన్ 3000, 5000 వరుసల కెమెరాలలో ఫోకస్ మోటారు ఉండదు. అందువల్ల లెన్సులోనే మోటారు ఉన్నదో లేదో అడగకుండా ఏ పాత లెన్సూ కొనరాదు.

అద్దం లేని కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల బిగింపు వేరు. క్యానన్ పాత ఇ.ఎఫ్. లెన్సులను అడాప్టరుతో కొత్త కెమెరాకు బిగించవచ్చు. కొత్త ఆర్.ఎఫ్. లెన్సులను మాత్రం పాత కెమెరాకు బిగించలేము.

పాతది కొనేటప్పుడు

ఒకరు వాడిన లెన్సును కొనడంలో చిన్నతనం లేదు, పరీక్షించకుండా కొనడంలోనే నష్టం ఉన్నది. టార్చిలైటును ఒక వైపునుంచి వేసి మరొక వైపునుంచి చూడాలి. సాలెగూడు వంటి తెల్లని పోగులు కనిపిస్తే అది బూజు. దానిని వదలివేయాలి. రెండు మూడు ధూళి కణాల వల్ల నష్టం లేదు. జూమ్ తిప్పినప్పుడు ఇసుక రాపిడి వంటి చప్పుడు రాకూడదు. మన కెమెరాకే బిగించి, దగ్గరి వస్తువునూ దూరపు వస్తువునూ మార్చి మార్చి తీసి, చిత్రాలను పెద్దవి చేసి చూడాలి. వణుకును సరిదిద్దే మీటను వేసి, తీసి తేడా గమనించాలి. రసీదు అడగాలి.

కొన్న తరువాత సంరక్షణ కూడా ముఖ్యమే. చెరకు కోతల ధూళి, నిజామాబాద్ యార్డులోని పసుపు పొడి అద్దానికి శత్రువులు. పొలం మధ్య లెన్సు మార్చరాదు. మూత గట్టిగా బిగిసే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి భద్రపరిస్తే వానాకాలంలో బూజు దరిచేరదు.

దూరం నుంచి చూసే కన్ను

పొడవైన లెన్సు చేతికి రాగానే ఒక బాధ్యత కూడా వస్తుంది. అది పొరుగింటి మిద్దెనూ, కిటికీనీ కూడా దగ్గర చేస్తుంది. ఇతరుల ఆంతరంగికాన్ని తొంగిచూడరాదన్నది మన ధర్మం నేర్పిన సభ్యత. మనిషిని దూరం నుంచి తీసినప్పుడు, దగ్గరకు వెళ్ళి చూపించి అనుమతి అడగాలి. వద్దంటే ఎదుటనే చెరిపివేయాలి.

చూపు గురించి తర్కంతోనూ ప్రయోగంతోనూ చెప్పిన తొలితరం శాస్త్రవేత్తలలో బస్రాలో జన్మించిన ఇబ్నుల్ హైసమ్ అగ్రగణ్యుడు. వెలుగు కంటినుంచి బయటికి వెళ్ళదనీ, వస్తువులనుంచే కంటిలోకి వస్తుందనీ ఆయన 11వ శతాబ్దిలో 'కితాబుల్ మనాజిర్'లో నిరూపించాడు. చీకటి గదిలోకి చిన్న రంధ్రం గుండా వచ్చే వెలుగును పరిశీలించాడు. నేటి కెమెరాలూ ఆ చీకటి గది సూత్రం మీదనే పనిచేస్తున్నాయి. ఆయన చేతిలో ఖరీదైన పరికరం లేదు. పరిశీలన ఉన్నది.

ఆ అబ్బాయి తల్లి గాజులు ఆమె చేతికే ఉన్నాయి. అతను మూడు నెలలు ఆగి, వాయిదాలూ వడ్డీ లేకుండా, ఒకరు వాడిన 55-250 లెన్సును పరీక్షించి కొన్నాడు. తరువాత ఎడపల్లి దగ్గరి అలీసాగర్‌కు మమ్మల్ని వెంట తీసుకువెళ్ళాడు. నీటికాకులను, కొంగలను తీశాడు. ఇంటికి వచ్చాక మాకు మొదట చూపించినది మాత్రం పక్షి చిత్రం కాదు. కర్మాగారంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న తాత, అసర్ నమాజు తరువాత వేపచెట్టు కింద ఒంటరిగా కూర్చొని, మూతపడిన కర్మాగారం గొట్టాల వైపు చూస్తున్నాడు.

"దాదాకు తెలియకుండా తీశాను మామూ. తరువాత చూపించి, ఉంచనా అని అడిగాను" అన్నాడు.

"ఏమన్నారు?" అని అడిగాము.

"చాలాసేపు చూసి, రెండు ప్రతులు తీయించమన్నారు."