గీజరులో సున్నపు పక్కు

పల్నాటి సీమలో కాపురముండు సోదరీమణులకు సున్నపు నీటిని గూర్చి మేము క్రొత్తగా జెప్పవలసినది లేదు. పిడుగురాళ్ల బట్టీలలో గాలు సున్నపురాయియే ఆ సీమ నేల క్రిందను పరచుకొని యున్నది. అందుండి వచ్చు బోరు నీటిలో సబ్బు నురుగు పట్టదు. కందిపప్పు ఎంతసేపటికిని ఉడకదు. ఇవి మన మెరిగిన కష్టములే. గీజరులో జరుగు హాని మాత్రము కంటికి గానరాదు.

అచ్చటనే యున్న మా యింట గీజరు కొన్ని నెలలుగా గుడగుడమని చప్పుడు చేయుచుండెను. నీరు కాగుటకును మునుపటికంటె జాగగుచుండెను. చలికాలము గదా యని సరిపెట్టుకొంటిమి. తుదకొకనాడది కాచుటయే మానెను. మెకానిక్కు విప్పి చూపగా, కాయిలు చుట్టును తెల్లని పక్కు వ్రేలెడు మందమున గట్టియున్నది! తొట్టి యడుగున రెండు దోసిళ్ల పెళ్లలు.

నీటిలో గరగియున్న కాల్షియం బైకార్బొనేటు కాగినప్పుడు బొగ్గుపులుసు వాయువును విడిచి, కరగని కార్బొనేటుగా మారును. మిక్కిలి వేడిగల చోటనే, అనగా కాయిలుమీదనే, అది పేరుకొనును. పక్కు వేడిని నీటికి బోనీయదు గావున కాయిలు తన వేడికి దానే మాడిపోవును. 60 డిగ్రీలకు మించి కాచినకొలది పక్కు వేగిరముగ బట్టును. అంతకంటె భయపడవలసినది, ఒత్తిడిని విడుచు సేఫ్టీ వాల్వు పక్కుతో బిగిసికొనుట; అప్పుడు తొట్టి పగులు ప్రమాదము గూడ గలదు.

త్రాగునీటి కఠినత లీటరునకు 200 మిల్లీగ్రాములలోపు నుండవలెననియు, వేరు నీరు దొరకనిచో 600 వరకు సహింపవచ్చుననియు భారత ప్రమాణము. ఆ కొలత మన కడుపునకు గాని గీజరునకు గాదు!

నీటిని మెత్తబరచు యంత్రములోని రెసిను గుళికలు కాల్షియం, మెగ్నీషియములను బట్టుకొని సోడియమును విడుచును. గుళికల శక్తి తరుగగానే ఉప్పునీటితో గడిగిన మరల పనిచేయును. దీనితో పక్కు బాధ చాలవరకు దీరును. కాని అమ్మువారు తరచుగా జెప్పని మాట యొకటి కలదు. తొట్టి త్రుప్పు పట్టకుండుటకై అందొక మెగ్నీషియం కడ్డీ నుంతురు. తొట్టికి బదులుగా తాను క్షయించుటయే దాని పని. మెత్తని నీటిలో నది మరింత త్వరగా దరిగిపోవును. కావున ఏటేట విప్పించి చూచి, సన్నబడినచో మార్పింపవలయును. రక్తపుపోటు గలవారున్న యింట వంటకు, త్రాగుటకు ఈ నీరు వాడక, వంటింటి కుళాయిని వేరుగా నుంచవలయును.

యంత్రము పెట్టినంత మాత్రమున పాత పక్కు వెంటనే పోదు. ముందు దానిని తీయించుడు. గీజరు విప్పుటకు మునుపు స్విచ్చి నార్పుటయే గాక మెయిను గూడ దీయించి, నీరు చల్లారువరకు దాళుడు.