పేమెంట్ పెండింగ్‌లో ఉంది.. మళ్లీ కొట్టొచ్చా?

కిరాణా షాపులో క్యూఆర్ స్కాన్ చేశారు, పిన్ కొట్టారు, చక్రం తిరుగుతూనే ఉంది. డబ్బులు కట్ అయినట్టు మీకు మెసేజ్ వచ్చేసింది, షాపాయన సౌండ్ బాక్స్ మాత్రం నోరు విప్పట్లేదు. వెనకాల నలుగురు నిలబడి చూస్తున్నారు. ఇక్కడే చాలామంది మళ్లీ స్కాన్ చేసేస్తారు. ఎందుకు వద్దో చెప్తాను.

ముందు వాట్సాప్ తీసుకోండి. సిగ్నల్ లేనప్పుడు మెసేజ్ పెడితే పక్కన గడియారం గుర్తు వస్తుంది కదా. అంటే మెసేజ్‌ని ఫోన్‌లోని డేటాబేస్‌లో రాసి పెట్టుకుంది, నెట్ రాగానే పంపిస్తుంది. కాస్త లేటైనా కొంపలేం మునగవు. డబ్బు అలా కాదు. మీ అసలు లెక్క బ్యాంకు సర్వర్‌లో ఉంటుంది. ఫోన్ తనంతట తనే "ఇచ్చేశా" అనేస్తే, ఉన్న 500తోనే రెండు షాపుల్లో కొనేయొచ్చు! అందుకే కనెక్షన్ తెగితే రెండే దారులు: పాత లెక్కతోనే పని కానివ్వడం, లేదా లెక్క తేలేదాకా ఆగడం. ఎరిక్ బ్రూవర్ 2000లో చెప్పిన క్యాప్ సిద్ధాంతం సారం ఇదే. వాట్సాప్‌ది మొదటి దారి, పేమెంట్‌ది రెండోది.

మరి యాప్ తేల్చి చెప్పదేం? ఎందుకంటే రిక్వెస్ట్ అసలు చేరలేదా, చేరి మధ్యలో ఆగిందా, పని అయిపోయి జవాబు మాత్రమే దారిలో పోయిందా.. ఫోన్‌కి ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి. అందుకని ప్రతి లావాదేవీకీ ఒక ఐడీ ఇస్తారు. అదే ఐడీతో పదిసార్లు అడిగినా సర్వర్ రెండోసారి కట్ చేయదు. లిఫ్ట్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఒక్క లిఫ్టే వస్తుంది చూడండి, అలా. దీని పేరు ఐడెంపొటెన్సీ, నోరు తిరగదు లెండి. కానీ మీరు కొత్తగా స్కాన్ చేస్తే కొత్త ఐడీ పుడుతుంది. సర్వర్ దృష్టిలో అది వేరే బేరం. రెండూ సక్సెస్ అయిపోవచ్చు.

కాబట్టి హిస్టరీలో స్టేటస్ చూడండి. ఫెయిల్ అని ఉంటేనే మళ్లీ కొట్టండి. పెండింగ్ అయితే, తొందరగా వెళ్లాలంటే క్యాష్ ఇచ్చి, ఆ ఎంట్రీ షాపాయనకి చూపించి రండి. తర్వాత పడితే ఆయనే ఇస్తాడు.

డబ్బు మధ్యలో ఇరుక్కుంటే? 2019 సెప్టెంబరులో ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, మనుషులకి పంపిందైతే మర్నాటికల్లా, షాపుకైతే 5 రోజుల్లోగా వెనక్కి రావాలి. దాటితే రోజుకి 100 రూపాయల పరిహారం, అదీ మీరు కంప్లయింట్ పెట్టకుండానే వేయాలి. వేయకపోతే ఆ లావాదేవీ నంబర్‌తో బ్యాంకుని అడగండి.