కాంట్రా మళ్లీ వచ్చింది, ఎవరి కోసం?

నర్సరావుపేటలో గంటకింత అని కట్టి, కేసెట్‌ ఊది పెట్టి కాంట్రా ఆడినోళ్లం మేం. జపాన్‌ కంపెనీ కొనామి 1987లో తెచ్చిన ఆటది. పైకి పైకి, కిందకి కిందకి, ఎడమ కుడి ఎడమ కుడి, బి, ఏ నొక్కితే 30 ప్రాణాలు! అదింకా వేళ్లకి గుర్తే.

2024 మార్చిలో ‘ఆపరేషన్‌ గలూగా’ పేరుతో మళ్లీ దించారు. ఒక్క తూటాకే చావాలి, అదే కాంట్రా అంటారు నా ఈడోళ్లు. కొత్తదాంట్లో రెండు మూడు దెబ్బలు ఓర్చుకునే వీలూ ఉంది, కుర్రోళ్లకి అదే ఇష్టం. ఎవరికి కావాల్సింది వాళ్లు ఎంచుకోవచ్చు గదా, ఇందులో తగువేందబ్బా?

అసలు సంగతి వేరే. అది వచ్చింది కంప్యూటర్లకి, ఖరీదైన ఆట పెట్టెలకి. మాచర్ల కుర్రోడి చేతిలో ఉన్నది ఫోను. అప్పట్లో కాంట్రా మన వీధిదాకా వచ్చిందంటే నకలు కేసెట్ల పుణ్యమే. దాని మీద తగువు పడండిరా, నేనూ వస్తా.