పులియబెట్టేది ప్రాణమా, పదార్థమా?

గోరువెచ్చని చక్కెర నీళ్లలో కాస్త ఈస్టు వేసి చూడండి. కొంతసేపటికి నురుగు కట్టి బుడగలు పొంగుతాయి. రొట్టెపిండి ఉబ్బడానికీ, తీయని తాటినీరా పొద్దెక్కేసరికి కల్లయి పోవడానికీ కారణం ఈ ఈస్టే. అది చక్కెరను సారాగా, బొగ్గుపులుసు వాయువుగా విడగొడుతుంది. మరి ఈ పని చేసేది ఈస్టులోని ప్రాణమా, లేక ఏదైనా పదార్థమా? ఈ ప్రశ్న మీద పందొమ్మిదవ శతాబ్దంలో ఉద్దండులే తగవులాడుకున్నారు.

ఈస్టు జీవి అని 1837లో ష్వాన్ మొదలైనవారు సూక్ష్మదర్శినిలో చూసి చెప్పారు. జర్మను రసాయనవేత్త లీబిగ్ ఒప్పుకోలేదు. పులియడం కేవలం రసాయన చర్యే అన్నాడు. ఫ్రాన్సులో పాశ్చర్ ప్రయోగాల మీద ప్రయోగాలు చేసి, బ్రతికున్న ఈస్టు లేనిదే చక్కెర సారా కాదని తేల్చాడు. చాలాకాలం ఆయన మాటే నెగ్గింది.

పాశ్చర్ 1895లో కన్నుమూశాడు. మరి రెండేళ్లకే ఎడ్వర్డ్ బుక్నర్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు ఒక వింత ప్రకటించాడు. ఆయన ఈస్టును ఇసుకతో కలిపి మెత్తగా నూరి, గుడ్డలో చుట్టి, యంత్రంతో గట్టిగా పిండించాడు. ఆ రసం వైద్య ప్రయోగాలకు కావలసింది. చెడిపోకుండా ఉండాలని, మనం పండ్లరసం నిలవచేసినట్లే, అందులో చక్కెర దండిగా కలిపాడు. నిలవ ఉండడం మాట దేవుడెరుగు, రసంలోంచి బుడగలు రావడం మొదలైంది! బ్రతికున్న ఈస్టు లేకుండానే చక్కెర సారాగా మారుతోంది. ఆ పని చేసిన పదార్థానికి బుక్నర్ 'జైమేజు' అని పేరు పెట్టాడు. 1907లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

మరి గెలిచిందెవరు? ఇద్దరూ కొంత గెలిచారు. ఎంజైమును తయారుచేసేది బ్రతికున్న కణమే. తయారైన తర్వాత మాత్రం దానికి ప్రాణంతో పని లేదు. 'ఎంజైము' అనే గ్రీకు మాటకు అర్థం కూడా 'ఈస్టులో ఉన్నది' అనే.

జైమేజు ఒక్క పదార్థం కాదనీ, పన్నెండు ఎంజైముల జట్టు అనీ తరువాత తెలిసింది. ఒకటి చేసిన పనిని ఇంకొకటి అందుకుంటుంది. చివరకు ఒక గ్లూకోజు అణువు నుంచి రెండు సారా అణువులు, రెండు బొగ్గుపులుసు వాయువు అణువులు వస్తాయి. ఈ మర్మాన్ని విప్పడంలో తోడ్పడిన హార్డెన్‌కు, ఆయిలర్‌కు 1929లో నోబెల్ బహుమతి దక్కింది.

ఇంతకంటే విచిత్రం మరొకటి ఉంది. ఈ పన్నెండు మెట్లలో మొదటి పదీ మన కండరాలలోనూ ఉన్నాయి. బస్సు అందుకోవాలని మీరు పరుగెత్తినప్పుడు మీ కాళ్లలో జరిగేదీ ఇదే. కాకపోతే అక్కడ చివరకు తయారయ్యేది సారా కాదు, పెరుగుకు పులుపునిచ్చే లాక్టికామ్లం!