కూల్చే ముందు ఒక ఫొటో

పారిస్ నగరపాలకులు 1860లలో ఓ చిత్రమైన పని చేశారు. తాము కూల్చబోయే వీధులకు ముందుగా ఫొటోలు తీయించి పెట్టుకున్నారు. ఆ పని షార్ల్ మార్విల్‌ది. పుస్తకాలకు బొమ్మలు గీసి బతికిన మనిషి, 1850 ప్రాంతంలో కెమెరా పట్టాడు. 1862 నాటికి నగరానికి అధికారిక ఫొటోగ్రాఫర్ అయ్యాడు.

చక్రవర్తి మూడో నెపోలియన్ అండతో నగర పాలనాధికారి బారన్ ఓస్మాన్ అప్పటికే పాత పారిస్‌ను తిరగేస్తున్నాడు. సందులు పోయి వెడల్పాటి బులెవార్డులు పడుతున్నాయి. నోత్రదామ్ ఉన్న సీతే దీవిలో ఇళ్లు చాలామటుకు నేలమట్టమయ్యాయి. మిగిలిన వీధులు పోయేలోగా మార్విల్ 400కు పైగా ఫొటోలు తీశాడు.

అప్పట్లో ఫొటో అంటే గాజుపలక. దానికి కొలోడియన్ అనే జిగట ద్రవం పూసి, వెండి లవణపు ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే ఫొటో తీసి అప్పటికప్పుడే కడగాలి. లెన్స్ మూత సెకన్ల తరబడి తీసి ఉంచాలి కాబట్టి నడిచేవాళ్లు పడరు. జనంతో కిక్కిరిసిన సందు కూడా ఫొటోలో నిర్మానుష్యంగా ఉంటుంది. నిలిచేవి గోడల మీది పోస్టర్లు, దుకాణాల బోర్డులు, రాళ్లు పరిచిన వీధి నడుమ పారే మురుగుకాలువ.

ఆ కాలువే నన్ను ఆపేస్తుంది. ఇంత ఇరుకు, ఇంత మురికి, కూల్చక ఏం చేస్తామని చూపడానికి నగరానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. మార్విల్ మాత్రం ఆ తడి మీద వెలుగు మెరిసే చోటు వెతుక్కుని కెమెరా పెట్టినట్టుంటుంది. తోళ్లు శుద్ధి చేసే కార్ఖానాల మధ్య పారే బియెవ్ర్ నదినీ అలాగే తీశాడు. ఆ నది ఇప్పుడు నగరంలో రోడ్ల కిందికి పోయింది. పాత పారిస్ మీద బెంగతో తీశాడని కొందరంటారు కానీ, నాకు నమ్మకం లేదు. కొత్త గ్యాస్ దీపస్తంభాలనూ, చివరికి వీధిలోని మూత్రశాలలనూ అంతే శ్రద్ధగా తీసినవాడు! ఇచ్చిన పని బాగా చేయడమే ఆయన పద్ధతి.

1871 మేలో, ప్రభుత్వం మీద పారిస్ జనం చేసిన కమ్యూన్ తిరుగుబాటు అణిగిపోతున్న రోజుల్లో నగర కార్యాలయం తగలబడింది. గ్రంథాలయం, రికార్డులు బూడిదయ్యాయి. పైకప్పు లేని ఆ గోడలనూ మార్విల్ ఫొటో తీశాడు. 1878 ప్రపంచ ప్రదర్శనలో ఆయన తీసిన పాత వీధులను, కొత్త బులెవార్డులను నగరం గర్వంగా చూపుకుంది. మరుసటి ఏడాది ఆయన పోయాడు.