చేపల తొట్టికి ఆర్వో నీళ్లు: టీడీఎస్ మీటర్ చెప్పని సంగతి

పోయిన ఎండాకాలం కోరుట్లలో మా ఇంట్లో ఒక్క రాత్రిలో పన్నెండు నియాన్ టెట్రాలు చచ్చిపోయాయి. మురికి నీళ్ల వల్ల కాదు. మేం రోజూ తాగే ఆర్వో నీళ్లలోనే. అందుకే ఈసారి ఫోన్లు పక్కన పెట్టి, దాదాపు ప్రతి వంటింట్లో గోడకు వేలాడే ఈ డబ్బా గురించి రాస్తున్నా.

మాది బోరు నీళ్లు. గీజర్ కాయిల్ మీద, బకెట్ అంచున తెల్లటి పొర కట్టే రకం. ఆన్‌లైన్‌లో తెప్పించిన టీడీఎస్ మీటర్ ముంచితే 900 చూపించింది. ఆర్వో నీళ్లలో 60. తక్కువుంటే మంచిదే కదా అనుకుని, 40 లీటర్ల తొట్టిలో పాత నీళ్లన్నీ తోడేసి మొత్తం ఆర్వో నీళ్లు నింపా. పొద్దున లేచేసరికి చేపలన్నీ పైకి తేలి ఉన్నాయి.

సిరిసిల్లలో నేను చేపలు కొనే షాపు అన్నకు ఫోన్ చేస్తే ఒకటే మాట అడిగాడు. "ఒక్కపారే మార్చినవా తమ్మీ? నీళ్లు మంచియే కావచ్చు, చేప తట్టుకోవద్దా?"

ఆయన చెప్పిందే అసలు విషయం. మంచినీటి చేప ఒంట్లో ఉండే లవణాలు బయటి నీళ్లలో కంటే ఎక్కువ. అందుకే మొప్పల గుండా నీరు లోపలికి చేరుతూనే ఉంటుంది, చేప దాన్ని మూత్రంగా బయటికి పంపుతూనే ఉంటుంది. 900కి అలవాటు పడిన చేపను ఒక్కసారిగా 60లో వేస్తే ఆ లెక్క మొత్తం తలకిందులు. నియాన్ల సొంత ఊరు అమెజాన్ ప్రాంతం, అక్కడి నీళ్లు చాలా మెత్తన. అంటే 60 వాటికి పడని నంబరేం కాదు. నేను మార్చిన వేగమే పడలేదు.

ఇక మీటర్ సంగతి. అది కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందన్నది. దాన్నే ఒక గుణకంతో పీపీఎంగా మార్చి చూపిస్తుంది. ఆ 900లో కాల్షియం ఎంత, మామూలు ఉప్పు ఎంత అన్నది దానికి తెలీదు. మెగాపిక్సెల్ చూసి కెమెరా కొన్నట్టే. మనకు కావాల్సినవి జీహెచ్, కేహెచ్ అనే రెండు నంబర్లు. జీహెచ్ అంటే కాల్షియం, మెగ్నీషియం కలిపి మొత్తం కాఠిన్యం. కేహెచ్ అంటే పీహెచ్‌ను పడిపోకుండా ఆపే కార్బొనేట్లు. డ్రాప్ టెస్ట్ కిట్‌లో రంగు మారేదాకా చుక్కలు లెక్కపెట్టాలి. ఒక్కో చుక్క ఒక డిగ్రీ, అంటే 17.8 పీపీఎం. మా బోరుకు జీహెచ్ 22 చుక్కలు పట్టింది, దాదాపు 390 పీపీఎం. తాగే నీటికి బీఐఎస్ ప్రమాణంలో కాఠిన్యం 200 దాకా ఉండొచ్చు, వేరే దిక్కు లేకపోతే 600 వరకు ఒప్పుకుంటారు. మన ఉమ్మడి కరీంనగర్ కింద చాలా భాగం గ్రానైట్ రాయే. లోతు బోర్లలో నీళ్లు ఆ రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి ఖనిజాలను కరిగించుకుంటాయి.

ఆర్వోలో సెడిమెంట్ ఫిల్టర్ మట్టిని ఆపుతుంది, కార్బన్ ఫిల్టర్ క్లోరిన్‌ను పీల్చుకుంటుంది (క్లోరిన్ తగిలితే మెంబ్రేన్ పాడవుతుంది). తర్వాత పంపు ఒత్తిడితో నీళ్లను మెంబ్రేన్‌లోంచి నెడుతుంది. కరిగిన లవణాలు చాలా వరకు దాటలేక డ్రెయిన్ పైపులోకి పోతాయి. వాటితో పాటు కేహెచ్ కూడా పోతుంది. ఇక్కడే ఇంకో ప్రమాదం ఉంది. చేపల వ్యర్థాలను తినే బ్యాక్టీరియా ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. అడ్డుకునే కేహెచ్ లేకపోతే పీహెచ్ సర్రున పడిపోతుంది. కాబట్టి వట్టి ఆర్వో నీళ్లతో తొట్టి నింపొద్దు, బోరు నీళ్లు కలపాలి.

లెక్క సింపుల్. 40 లీటర్లకు బోరు నీళ్లు 9, ఆర్వో 31 పోస్తే టీడీఎస్ 250 దగ్గర ఆగుతుంది, జీహెచ్ 5-6 చుక్కలకు దిగుతుంది. నియాన్లకు అది హాయి. చేపలు ఇప్పటికే తొట్టిలో ఉంటే మాత్రం వారానికి పావు వంతు నీళ్లే మార్చుతూ నెల, నెలన్నరలో దింపాలి. ఇంటి ఆర్వోలో టీడీఎస్ కంట్రోలర్ అని చిన్న స్క్రూ ఉంటుంది. అది చేసేదీ ఈ కలపడమే, కాకపోతే ఎంత కలుస్తుందో మన చేతిలో ఉండదు. నేను దాన్ని మూసేసి బకెట్‌లో కలుపుతున్నా. మిషన్ చాలాసేపు ఆగి ఉంటే మొదట వచ్చే నీళ్లలో టీడీఎస్ ఎక్కువుంటుంది, ఒకట్రెండు గ్లాసులు వదిలేయండి.

వేస్ట్ నీళ్ల గురించి కూడా చెప్పాలి. మా మిషన్ ఒక లీటరుకు మూడు లీటర్లు డ్రెయిన్‌లోకి వదులుతుంది. వారానికి పది లీటర్లు మార్చడానికి 23 లీటర్లు పోతున్నాయి. ఆ నీళ్ల టీడీఎస్ 1180. బాత్రూం కడగడానికి సరే, మొక్కలకు రోజూ పోయను. మే నెలలో బోరు సన్నగా పోసేటప్పుడు ఇది మనసుకు కష్టంగానే ఉంటుంది.

అందుకే కొనేముందు మీ నల్లా నీళ్లు చూడండి. జగిత్యాలలో మా ఫ్రెండ్ వాళ్లకు మిషన్ భగీరథ నీళ్లొస్తాయి, మీటర్ 210 చూపించింది. బోరు కాదు కాబట్టి ఆ తేడా. టీడీఎస్ 500 లోపుంటే ఆర్వో వాడొద్దని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా అంది. వాడికి కావాల్సింది క్లోరిన్ పోగొట్టే చుక్కల మందు, అంతే. బోరు నీళ్లే ఉన్నా గప్పీలు, మోలీలు పెంచేవాళ్లకు ఆర్వో అక్కర్లేదు, వాటికి కాఠిన్యమున్న నీళ్లే ఇష్టం. నియాన్లు, డిస్కస్‌లు కావాలంటేనే ఈ తిప్పలు.

ఇంకొకటి, ఎండకు తొట్టిలో నీళ్లు తగ్గితే ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఖనిజాలు అక్కడే ఉంటాయి. తగ్గినంత మేరకు వట్టి ఆర్వో నీళ్లు పోయాలి, కలిపినవి కాదు. ఇది తెలియక నేను రెండు నెలలు కలిపిన నీళ్లే పోశా, మీటర్ 250 నుంచి 340కి ఎక్కింది. ఇప్పుడు మళ్లీ దారికొచ్చింది, తొట్టిలో ఎనిమిది నియాన్లు తిరుగుతున్నాయి. జగిత్యాల వాడి గప్పీలు మాత్రం లెక్క దాటిపోయాయి, ఎవరికైనా కావాలా అని వాడు అందర్నీ అడుగుతున్నాడు.