రక్తం లెక్కపెట్టే మిషనుకూ స్నానం కావాలి



"ఇంగా ఎంతసేపమ్మా? సోమల బస్సు ఎల్లిపోతాది." మా ల్యాబ్ కిటికీ దగ్గర మేము తరచూ వినే మాట ఇది. పొద్దున్నే రక్తం ఇచ్చి కూర్చున్నవారికి లోపల మిషను తిరుగుతూ కనిపిస్తుంది, రిపోర్టు మాత్రం రాదు. "ఊరికే తిప్పుతా ఉండారు, మా రక్తం ఎయ్యొచ్చు కదా" అని కొందరు కోప్పడతారు. ఆ సమయంలో మిషను ఊరికే లేదు, తనను తాను కడుక్కుంటోంది.

మేము ట్రైనింగులో ఉన్నప్పుడు ల్యాబ్‌లో రక్తకణాలను మైక్రోస్కోపు కింద గళ్ల గాజుపలక పెట్టి ఒక్కొక్కటిగా లెక్కపెట్టేవారు. ఇప్పుడు ఆ పని మిషను చేస్తోంది. పలుచన చేసిన రక్తం ఒక సన్నని గాజుదారిలో వరుసగా పోతుంది. దానిపై లేజర్ వెలుగు పడుతుంది. ప్రతి కణమూ ఆ వెలుగును కొంత చెదరగొడుతుంది. ఆ చెదిరిన వెలుగును బట్టి అది ఎర్రకణమా, తెల్లకణమా, ప్లేట్‌లెట్టా అని మిషను గుర్తిస్తుంది. ఎర్రకణం సుమారు 7 మైక్రాన్లు, ప్లేట్‌లెట్ 2, 3 మైక్రాన్లు మాత్రమే. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుందంటే ఇవెంత చిన్నవో ఆలోచించండి. చిక్కు ఇక్కడే ఉంది. దుమ్ము రేణువైనా, గాలి బుడగైనా, ఎండిన ఉప్పు పలుకైనా మిషను కంటికి ప్లేట్‌లెట్ లాగే కనబడవచ్చు.

కొన్నేళ్ల క్రితం డెంగీ జ్వరాలు ఎక్కువగా ఉన్న రోజుల్లో ఎనిమిదేళ్ల బాబు మా వార్డులో ఉన్నాడు. మధ్యాహ్నం ప్లేట్‌లెట్లు 46 వేలు అని రిపోర్టు వచ్చింది. జ్వరం తగ్గింది, ఇక ఇంటికి పోదామని తండ్రి సంచి సర్దుకున్నాడు. అయితే బాబు చిగుళ్లలో రక్తం చూసి మా సిస్టరుకు అనుమానం వచ్చింది. ల్యాబ్‌కు ఫోను చేసి స్లైడ్ చూడమని అడిగింది. మైక్రోస్కోపులో ఒక్కో చోట ఒక్క ప్లేట్‌లెట్ కనబడటమే గగనంగా ఉంది. రక్తం లేకుండా మిషనును ఖాళీగా నడిపితే 27 వేలు అని చూపింది! ఆ రోజు రక్తాన్ని పలుచన చేసే ద్రవం క్యాను మార్చారు. జనం ఎక్కువగా ఉన్నారని ఖాళీ పరీక్ష చేయకుండానే నమూనాలు వేశారు. మిషనును కడిగి, బుడగలు పోగొట్టి, మళ్లీ వేస్తే బాబుకు 18 వేలు వచ్చింది. డాక్టరుగారు ఇంటికి పంపలేదు. తప్పు మాదేనని తండ్రికి చెప్పాం. కొన్ని రోజులకు బాబు నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు.

అందుకే ఇప్పుడు ప్రతి ఉదయమూ, క్యాను మార్చిన ప్రతిసారీ ముందు ఖాళీ పరీక్ష చేస్తాం. లెక్క సున్నా దగ్గరకు రాకపోతే ఎవరి నమూనా వేయం. ఆ తర్వాత విలువ ముందే తెలిసిన కంట్రోల్ రక్తం వేసి సరిచూస్తాం. సాయంత్రం కంపెనీ ఇచ్చిన కడిగే మందును లోపలికి పంపి, పద్ధతి ప్రకారం ఆపుతాం. కరెంటు పోయి మధ్యలో ఆగిపోతే ఉప్పునీరు గాజుదారిలో ఎండి పలుకులు కడుతుంది. అందుకే యూపీఎస్ పెట్టాం. వెనుక ఫ్యాను దగ్గరి గాలి ఫిల్టరును వారానికోసారి దులుపుతాం. దారిలో లారీలు లేపే దుమ్ముకు అది చాలడం లేదనిపిస్తుంది.

లేజర్ ఉన్న లోపలి పెట్టెను మాత్రం మేము ముట్టుకోం. దానిమీద పసుపు త్రికోణం గుర్తు ఉంటుంది. మూత వేసి ఉన్నంతవరకు వెలుగు బయటకు రాదు, ఎవరికీ భయం లేదు. మూత తీస్తే లేజర్ ఆగిపోయేలా ఒక స్విచ్చి ఉంటుంది. దానికి టేపు వేసి మిషను నడపడం కళ్లు పోగొట్టుకునే పని. ఆ వెలుగు కంటి లోపలి పొరను క్షణంలో కాల్చగలదు. ఒకసారి ఒక కుర్రవాడు మంచి మనసుతోనే దూదితో లోపల తుడవబోతే మేము ఆపాం. దూది పోగులు వదులుతుంది. నోటితో ఊదితే ఉమ్మి తుంపరలు పడతాయి. అది శిక్షణ పొందిన ఇంజనీరు పని. ఆయన ప్లగ్ తీసేసి, పోగులు రాలని బట్టను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపి తుడిచి, పూర్తిగా ఆరాకే మూత వేస్తారు. ఆల్కహాలుకు నిప్పు త్వరగా అంటుకుంటుంది కాబట్టి ఆరేదాకా కరెంటు పెట్టరు. (జాతరల్లో పిల్లలకు కొనిచ్చే లేజర్ లైట్లను కూడా కళ్లలోకి వేయనీయకండి.)

బయట పడిన రక్తపు మరకలను మాత్రం మేమే చేతికి గ్లౌజులు వేసుకుని, పలుచని బ్లీచింగ్ ద్రావణంతో తుడుస్తాం. బ్లీచింగ్‌లో యాసిడ్ కలపకూడదు, విషవాయువు వస్తుంది. మీ ఇంట్లో బాత్రూం కడిగేటప్పుడు కూడా ఈ రెండూ కలపవద్దు.

ప్లేట్‌లెట్లు బాగా తక్కువని రిపోర్టు వస్తే "స్లైడ్ కూడా చూశారా?" అని అడగండి, మేము ఏమీ అనుకోం. ఒక్కోసారి ట్యూబులో ప్లేట్‌లెట్లు గుంపు కట్టి ఉన్నదానికన్నా తక్కువగా కూడా చూపుతుంది. బస్సుకు ఆలస్యమవుతుందంటే రక్తం ఇచ్చేటప్పుడే కిటికీలో చెప్పండి. మిషను సిద్ధం కాగానే మీ నమూనా ముందు వేస్తాం.